జున్ను తిన్నవారికే సంతకం

జిల్లేళ్ళవలసలో బోరింగు చెడిపోయింది. అందులో వింతేమీ లేదు. బోరింగన్నాక చెడిపోతుంది, బాగుచేయడానికి చేతిపంపుల సంరక్షణ సంస్థ అని ఒకటి జిల్లా కేంద్రంలో రెండంతస్తుల భవనంలో, ముందు పూలకుండీలతో సహా వెలసి ఉంది. బోరింగు చెడిన సంగతి ఆ సంస్థలో అటెండరు నుంచి డైరెక్టరు దాకా అందరికీ తెలుసు. ఏ రాడ్డు ఊడిందో తెలుసు, ఏ సామాను కావాలో తెలుసు, ఆ సామాను కింది గదిలో మూల పడి ఉందనీ తెలుసు. సూపరింటెండెంటు సంతకం ఒక్కటే తక్కువ. ఆ సూపరింటెండెంటు రిటైరై, శాలువా దండా పుచ్చుకుని, కుర్చీ మాత్రం వదిలిపెట్టి వెళ్ళిపోయాడు.

న్యాయంగా ఆ కుర్చీ బుడుమూరి ఇందుమతిది. ఇరవై ఏళ్ళ పైబడి ఆవిడ సీనియర్ అసిస్టెంటు. రాయవలసిన శాఖాపరమైన పరీక్షలన్నీ పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని చదివి రాసింది, పాసైంది. ఆ ఆఫీసులో ఏ ఫైలు తెరిచినా లోపలి నోటు ఇందుమతిదే, కింద సంతకం ఇంకొకరిది. ఆవిడకి పెద్ద ఆశలేం లేవు. తను రాసిన దాని కింద తన పేరు ఒక్కసారి చూసుకోవాలి, ఆ పేరు వల్ల లోకంలో ఎక్కడో ఒకచోట ఒక పని జరగాలి. అంతే. అంత చిన్న ఆశ గవర్నమెంటాఫీసులో తీరడం ఎంత కష్టమో ఆవిడకి తెలియక కాదు.

సోమవారం అర్జీల రోజు. సోమవారం వచ్చిందంటే జిల్లేళ్ళవలస నుంచి తవిటమ్మ వచ్చిందన్నమాటే. బస్సు దిగి, చెప్పులు గుమ్మం బయట విడిచి, తిన్నగా ఇందుమతి బల్ల ముందు నేలమీద కూర్చునేది.

"అమా, మా బోరింగు సంగతేటయ్యింది?"

"సంతకం కావాలి తవిటమ్మా. సీట్లో మనిషి లేరు."

"మనిసి నేకపోడమేటమ్మా, నువ్వున్నావు కదా. నువ్వు మనిసివి కావేటి?"

"నాకింకా ఆ హోదా రాలేదు. ఈ లక్ష్మివారం పదోన్నతుల కమిటీ కూర్చుంటుంది. ఈసారి నాదే. వచ్చిన రోజు నా మొదటి సంతకం మీ బోరింగుకే."

"ఆడోల్లందరం గెడ్డ ఇసకలో సెలమలు తవ్వి తోడుకొత్తన్నామమ్మా. ఆ నీల్లు తాగి పిల్లలకి కడుపులు కదిలిపోతన్నాయి. లచ్చింవారమంటే మరి లచ్చింవారమేనా?"

ఇందుమతి మాటిచ్చింది. అంత ధైర్యంగా ఆవిడ ఎవరికీ ఎప్పుడూ మాటివ్వలేదు.

లక్ష్మివారం రానే వచ్చింది. ఆ రోజే డైరెక్టర్ పరాంకుశం గారు కూడా వచ్చారు. ఆయన ఏదో కొండ ఊళ్ళో ఉన్నతాధికారుల నాయకత్వ వికాస శిబిరానికి వెళ్ళి వచ్చారు. అక్కడ ఒక రోజు వాన పడి పడవ షికారు రద్దయిందట. ఏం చేయాలో తోచక అధికారులందరినీ పక్కనున్న తేనెటీగల పెంపకం కేంద్రానికి తీసుకెళ్ళారట. మిగతావాళ్ళు తలా ఒక తేనె సీసా కొనుక్కుని ఊరుకున్నారు. పరాంకుశం గారు సీసాతో పాటు సిద్ధాంతాన్ని కూడా తెచ్చుకున్నారు.

పదోన్నతుల కమిటీ కూర్చోవలసిన హాల్లో సిబ్బందినందరినీ కూర్చోబెట్టి ఆయన లేచి నిలబడ్డారు.

"మిత్రులారా, రాణీ ఈగ, పనిచేసే ఈగ ఒకే తల్లి పెట్టిన ఒకే విధమైన గుడ్ల నుండి జనించును. పుట్టుకలో ఇసుమంత భేదం లేదు. భేదమంతా మేతలో ఉన్నది. మొదటి మూడు రోజులూ పిల్లపురుగులన్నింటికీ రాజాహారమే. అటుపిమ్మట కొన్నింటికి పుప్పొడీ తేనే కలిపిన ముద్ద పెడతారు. అవి ఆజన్మాంతం పనిచేయును. ఒక్కదానికి మాత్రం రాజాహారం ఆపరు. అది రాణి అగును. గమనించారా? అక్కడ సీనియారిటీ జాబితా లేదు. రోస్టరు లేదు. కోర్టు కేసు లేదు."

కోర్టు కేసు లేదనేసరికి హాల్లో చప్పట్లు మోగాయి.

"కావున ఇకమీదట మన సంస్థలో పదోన్నతులు ఆహార ప్రాతిపదికపై జరుగును."

ఇందుమతి చెయ్యెత్తింది. "సర్, నేను పరీక్షలన్నీ పాసయ్యాను సర్."

పరాంకుశం గారు జాలిగా చూశారు. "తేనెపట్టులో పరీక్షలు లేవమ్మా. పైగా మూడు రోజులు దాటిన పురుగు రాణి కాజాలదు. సర్వీసులో ఒక సంవత్సరాన్ని పురుగు జీవితంలో ఒక రోజుగా పరిగణించాలని నేను నిర్ణయించాను. మీరెన్ని రోజుల పురుగు?"

ఇందుమతి తన సర్వీసు చెప్పింది. అంత ముదిరిన పురుగు గురించి శాస్త్రంలో ఎక్కడా ప్రస్తావన లేదని ఆయన చెప్పి, కమిటీ సమావేశం ముగించారు.

మూడేళ్ళ సర్వీసు దాటని వాళ్ళు ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. ఒక కుర్రాడు కామెర్లొచ్చి సెలవులో ఉన్నాడు. రెండో మనిషి లాస్య అనే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. తపాలా విభాగంలో కవర్ల మీద స్టాంపులు అంటించడం ఆ అమ్మాయి పని. అంటిస్తూ ఉండగా వచ్చి, నువ్వే కాబోయే సూపరింటెండెంటువని చెప్పారు. చేతికి జిగురుండగానే లేచి నిలబడింది పాపం.

రాజాహారమంటే ఏమిటో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. తెల్లగా ఉండాలి, చిక్కగా ఉండాలి, కావాలంటే దొరక్కూడదు అన్న మూడు లక్షణాలూ పరిశీలించి ఉపసంఘం జున్ను అని తేల్చింది. జున్నంటే ఈనిన పశువు కావాలి. పశువు రోజూ ఈనదు. అందుకని జున్నుపాల సేకరణ విభాగం ఒకటి ఏర్పాటు చేసి, బోరింగుల మరమ్మతుకి ఉన్న ఒక్క జీపునూ దానికి కేటాయించారు. ఆ జీపు పొద్దున్నే బయల్దేరి ఊరూరా తిరిగి, ఎక్కడ ఏ గేదె ఈనిందో వాకబు చేసుకుంటూ వచ్చేది.

మిగతా సిబ్బందికి పుప్పొడి ముద్దకి బదులుగా క్యాంటీన్లో ఉప్మా ఖరారైంది. అది ముందునుంచీ ఉన్నదే.

రాణి గది పట్టుకి వేలాడుతూ ఉండాలని శాస్త్రం. గదిని వేలాడదీయడం కుదరదని ఇంజనీర్లు చేతులెత్తేస్తే, తలుపు మీది పేరు పలకని తలకిందులుగా బిగించి ఆ లోటు తీర్చారు. పట్టులో లేత ఈగలు గదులు ఊడ్చి, వయసు ముదిరినవే బయట తిరుగుతాయి గనక, కొత్తగా చేరిన ఇంజనీర్ల చేతికి చీపుళ్ళొచ్చాయి. రిటైర్మెంటు దగ్గరపడిన వాళ్ళందరినీ ఎండలోకి తోలారు. మెకానిక్ సన్యాసిరావుకి మోకాళ్ళ నొప్పులు. అతన్ని బయటికెళ్ళి చూసొచ్చి కబురు చెప్పే రాయబారి ఈగగా వేశారు.

రాణికి మేత పెట్టే దాది ఈగ ఉద్యోగం మాత్రం ఇందుమతికి దక్కింది. దానికొక ఉత్తర్వు కూడా వచ్చింది. "రాజాహారము పనిచేయు ఈగల తలయందలి గ్రంథుల నుండి ఊరును. కావున రాణి గారికి అవసరమగు ముసాయిదాలు, నోట్లు, జవాబులు యావత్తూ సదరు ఇందుమతి గారి తలలో నుండియే రావలెను." ఇన్ని నియమాల్లోకీ ఈ ఒక్కదాన్ని అమలు చేయడానికి ఆఫీసులో ఏమీ మార్చవలసి రాలేదు.

ఒక చేత్తో జున్ను గిన్నె, ఇంకో చేత్తో ఫైళ్ళ దొంతర పట్టుకుని ఇందుమతి ఆ తలకిందుల తలుపు తోసుకుని వెళ్ళేది. తను కూర్చోవలసిన కుర్చీలో కూర్చున్న పిల్లకి తనే తినిపించడం మొదటి రోజుల్లో ఆవిడకి మండిపోయింది. ఆ పిల్ల మీద కూడా కోపమొచ్చింది. ఆ కోపం వారం కూడా నిలవలేదు. లాస్య ముఖం ఉబ్బిపోయింది. గది దాటి బయటికి రానివ్వరు. చుట్టూ నలుగురు నిలబడి విసురుతుంటారు. రాణీ ఈగ రోజుకి వేలల్లో గుడ్లు పెడుతుందని, రోజుకి వేల సంతకాలు లక్ష్యంగా పెట్టారు. అన్ని సంతకాలకి సరిపడా ఫైళ్ళు ఏ ఆఫీసులోనూ ఉండవు గనక, మంచినీళ్ళ గ్లాసు ఇవ్వడానికి అనుమతి, గ్లాసు తీసుకుపోవడానికి అనుమతి, ఫ్యాను వేయడానికి, ఆపడానికి, ఇలా కాగితాలు పుట్టించవలసి వచ్చింది. అవి కూడా ఇందుమతి తలలోంచే వచ్చాయి.

"మేడం," అంది లాస్య ఒకనాడు, విసిరేవాళ్ళు టీకి వెళ్ళిన సందు చూసి. "ఒక్క మిరపకాయ బజ్జీ తెచ్చిపెట్టరా?"

"జున్ను బాగాలేదా అమ్మా?"

"జున్ను పేరెత్తితే కడుపులో తిప్పుతోంది మేడం. మా అమ్మ ఫోన్ చేసి ఆఫీసరయ్యావు కదే అంటోంది. ఏం చెప్పను?"

మర్నాడు అర్జెంటని రాసి ఉన్న ఫైల్లో రెండు బజ్జీలు వెళ్ళాయి. లాస్య కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తింది. మిరపకాయ కారానికి కాదు. ఇందుమతి పక్కన నిలబడి తలుపు వైపు చూస్తూ కాపలా కాసింది.

బజ్జీలు అయ్యాక ఆవిడ కింద నుంచి ఇంకో ఫైలు తీసింది. "ఇది జిల్లేళ్ళవలస బోరింగు."

"ఇలా ఇవ్వండి, పెట్టేస్తాను. అంతే కదా?"

"అంతే కాదు. మరమ్మతు ఉత్తర్వు మీద సంతకం పెట్టేవాళ్ళు స్వయంగా వెళ్ళి స్థలం చూడాలి. చూశామని రాస్తేనే ఉత్తర్వు చెల్లుతుంది."

"అయితే వెళ్దాం మేడం. ఇప్పుడే వెళ్దాం," అని లాస్య లేచి నిలబడింది.

అనుమతి కోసం రాశారు. పరాంకుశం గారు ఆ నోటు మీద ఎర్ర సిరాతో రాసి పంపారు. "రాణి పట్టు దాటి క్షేత్రమునకు పోవుట ప్రకృతి విరుద్ధము. బోరింగునే కార్యాలయమునకు తెప్పించు అవకాశమును పరిశీలించవలెను."

ఆ సోమవారం తవిటమ్మ ఆలస్యంగా వచ్చింది. రావడం ఆలస్యం కాలేదు, గేటు దగ్గర ఆపేశారు. పట్టులో కాపలా ఈగలు వాసన చూసి తమవాళ్ళెవరో బయటివాళ్ళెవరో కనిపెడతాయట. అందుకని సిబ్బంది అందరూ ఒకే సంపెంగ నూనె రాసుకోవాలని ఉత్తర్వైంది. గేటు దగ్గర సెక్యూరిటీవాడు వచ్చేవాళ్ళ తలలు వాసన చూసి లోపలికి వదులుతున్నాడు. తవిటమ్మ తలలో కొబ్బరినూనె, కట్టెల పొగ వాసన. పరాయి పట్టు అని తేల్చాడు.

ఇందుమతి కిందికి దిగి వెళ్ళి, తన సంచిలోంచి సంపెంగ నూనె సీసా తీసి ఆ ముసలమ్మ నడినెత్తిన ఇంత పోసి మర్దనా చేసింది.

"ఏటమ్మా ఇది, నాకు పెల్లి సేత్తావేటి?"

"లోపలికి రావాలంటే ఇదీ రూలు."

"మొన్న మీ జీపు మా ఊరొచ్చినాది. పోన్లే, బోరింగు కోసరం వొచ్చినారనుకుని ఊరంతా ఎదురెల్లినాం. మీ ఊల్లో గేదె ఈనిందా అనడిగి ఎల్లిపోనారు. గేదె ఈనితే మీకేటమ్మా?"

ఇందుమతికి సిగ్గేసింది. తను చేసింది కాదు, తను ఆపగలిగిందీ కాదు, అయినా సిగ్గేసింది. ఎందుకని అడిగితే ఆ ఊరి పిల్లల పాలు తాగి ఇక్కడ సంతకాలు పుడుతున్నాయని చెప్పాలి. సీసాకి మూత బిగించి, ముసలమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

ఇంతలో పథకం కీర్తి రాజధాని దాకా పాకింది. పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. చివర ఒక చిన్న సందేహం కూడా వచ్చింది. పట్టుకి ఒక్కతే రాణి కదా, మరి అక్కడ డైరెక్టరూ, కొత్త సూపరింటెండెంటూ ఇద్దరూ ఎలా ఉంటున్నారని. పరాంకుశం గారు ఒక రోజంతా తలుపేసుకుని ఆలోచించారు. ఒక పట్టులో ఇద్దరు రాణులు తయారైతే, పాత రాణి సగం ఈగల్ని వెంటబెట్టుకుని ఎగిరిపోవాలి. అదీ శాస్త్రం. మరో మనిషైతే ఆ ఉత్తరాన్ని ఫైల్లో తొక్కేసి ఊరుకునేవాడు. ఈయన మాట మీద నిలబడే మనిషి.

సగం సిబ్బంది, సగం బల్లలు, సగం బీరువాలు, ప్రతి కిటికీకీ ఉన్న రెండు తెరల్లో ఒక తెరా పట్టుకుని పరాంకుశం గారు ఎగిరిపోయారు. కొత్త ఇల్లు దొరికేదాకా గుంపు ఏదో ఒక కొమ్మని పట్టుకుని వేలాడాలి గనక, బస్టాండు వెనక ఖాళీగా ఉన్న కల్యాణ మండపంలో దిగారు. పెళ్ళి వేదిక మీద, వధూవరుల కుర్చీల్లో ఒకదాంట్లో ఆయన కూర్చునేవారు. రెండోదాంట్లో ఫైళ్ళు పెట్టారు. రాయబారి ఈగ అద్దె ఇల్లు చూసొచ్చి ఎటు ఉందో, ఎంత దూరమో నాట్యం చేసి చెప్పాలి. రైస్ మిల్లు పక్క మేడ ఖాళీగా ఉందని చెప్పడానికి సన్యాసిరావు తూర్పు తిరిగి నడుము ఊపాడు. ఎక్కడో నరం పట్టేసింది. అతన్ని ఆటోలో పాత ఆఫీసుకి తెచ్చి దింపేశారు.

"నానింక ఎగర్నేను మేడమ్ గారూ," అన్నాడు సన్యాసిరావు ఇందుమతితో, బెంచీ మీద వాలిపోతూ. "బోరింగు ఇప్పమంటే ఇప్పుతాను. డేన్సు మాత్రం నా వల్ల కాదు."

వీళ్ళిలా రెండు పట్టులైన వారంలోనే లాస్య ఎగిరిపోయింది. ఆ పిల్ల సంతకాల మధ్య సందు చేసుకుని బ్యాంకు పరీక్షకి చదువుకుందట, ఎవరూ చూడలేదు. ఉద్యోగం వచ్చిన రోజు ఇందుమతి కాళ్ళకి దండం పెట్టి, తలుపు మీది పలకని తిన్నగా తిప్పి మరీ వెళ్ళింది. కామెర్ల కుర్రాడికి అప్పటికి మూడేళ్ళ సర్వీసు నిండిపోయింది. పాత ఆఫీసుకి రాణీ లేదు, రాణి చేయడానికి పురుగూ లేదు.

కల్యాణ మండపం నుంచి ఉత్తర్వొచ్చింది. "రాణి నశించి, లేత పురుగులు లేని పట్టులో ఒక్కొక్కప్పుడు పనిచేయు ఈగయే గుడ్లు పెట్టుట కద్దు. అయితే సదరు గుడ్ల నుండి పోతుటీగలు మాత్రమే పుట్టును. వాని వలన పట్టుకు ఏ పనీ జరగదు. అందుచేత సీనియర్ అసిస్టెంట్ శ్రీమతి బి. ఇందుమతి గారిని ఇన్‌ఛార్జి సూపరింటెండెంటుగా నియమించడమైనది. వారి సంతకము, ఎట్టి ఫలితమూ ఇవ్వని వ్యవహారములకు మాత్రమే పరిమితము."

ఇందుమతి ఆ కాగితం చదివి నవ్వుకుంది. తర్వాత బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ తర్వాత సంతకం ఇచ్చారు, అది కూడా దేనికీ పనికిరాకూడదన్న షరతు మీద. సన్యాసిరావు చూడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి ఆవిడ లేచి ముఖం కడుక్కుంది. ఎట్టి ఫలితమూ ఇవ్వని వ్యవహారాలంటే ఏవేవి? ఉత్తర్వులో జాబితా లేదు. అలాంటప్పుడు పాత దాఖలాలు చూడాలని నియమం. సంస్థ కిందటేడాది వార్షిక నివేదికలో డైరెక్టరు గారి మాటగా ఒక వాక్యం ఉంది. "మరమ్మతు ఉత్తర్వుల వలన క్షేత్రస్థాయిలో ఎట్టి ఫలితమూ కానరాలేదని విచారముతో తెలియజేయడమైనది." ఆ విచారం కూడా ఇందుమతి తలలోంచి వచ్చిందే. ఆవిడ ఆ వాక్యాన్ని నోటులో ఉటంకించి, అందుచేత మరమ్మతు ఉత్తర్వులు తన పరిధిలోకే వస్తాయని రాసింది. జీపు జున్నుపాలకి పోయి ఉంది. సామాను సంచిలో వేసుకుని ఆవిడా, సన్యాసిరావూ బస్సెక్కారు.

జిల్లేళ్ళవలసలో బోరింగు చుట్టూ గడ్డి మొలిచింది. సన్యాసిరావు నడుం పట్టుకునే రాడ్లు పైకి లాగించాడు, ఊడినదాన్ని బిగించాడు, అరిగిన వాషరు మార్చాడు. ఇందుమతి అక్కడే గట్టు మీద కూర్చుని, స్థలం చూశానని రాసి, ఉత్తర్వు కింద సంతకం చేసింది. బుడుమూరి ఇందుమతి. పేరు పూర్తిగా రాసింది.

తవిటమ్మ హేండిలు పట్టుకుంది. ముందు గాలి వచ్చింది, తర్వాత తుప్పు నీళ్ళు, ఆ తర్వాత తేటగా ధార పడింది. పిల్లలు కిందకి తలలు దూర్చేశారు. ఎవరో చెంబు నింపి ఇందుమతి చేతికిచ్చారు. ఆవిడ గటగటా తాగింది. తన జీవితంలో ఇంతగా ఎప్పుడు సంతోషపడిందో ఆవిడకి గుర్తు రాలేదు.

వారం తిరక్కుండా మండపం నుంచి మెమో ఇవ్వాలన్న కబురొచ్చింది. మెమోలు రాయగలిగిన తల ఇందుమతిదొక్కటే గనక, తన మీద మెమో తనే రాయవలసి వచ్చింది. శ్రద్ధగా రాసింది, ఒక తప్పు నియమం సంఖ్య ఉంటే సరిదిద్ది సంతకానికి పంపింది. అది తిరిగి ఆవిడకే వచ్చింది. "ఎట్టి ఫలితమూ ఇవ్వరాని మీ సంతకము వలన సదరు గ్రామమున నీరు వచ్చినట్లు తెలియవచ్చినది. నీరు ఏల వచ్చినదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఆ సాయంత్రం పరాంకుశం గారు స్వయంగా ఫోన్ చేశారు. గొంతులో దయ ఉంది.

"ఇందుమతి గారూ, మీరు అనుభవజ్ఞులు. ఈ విషయాన్ని పెద్దది చేయడం నా అభిమతం కాదు. ఆ నీరు మీ సంతకం వలన రాలేదని, వర్షాల వలన భూగర్భ జలమట్టం పెరిగి యాదృచ్ఛికంగా వచ్చిందని రెండు ముక్కలు రాసివ్వండి. ఫైలు మూసేస్తాను. మూడు రోజుల నిబంధన సడలించడం కూడా నా చేతిలోనే ఉంది. రేపటి నుంచి మీరు పూర్తి స్థాయి సూపరింటెండెంటు."

"ఆ బోరింగు ఏమవుతుంది సర్?"

"ఏమవుతుంది, ఉంటుంది. సిద్ధాంతం నిలబడితే చాలు."

"రాయకపోతే సర్?"

"పనిచేసే ఈగ పెట్టిన గుడ్డును తోటి ఈగలు తినివేయడం ప్రకృతి ధర్మం. నేను ప్రకృతికి అడ్డు రాలేను."

ఫోన్ పెట్టేశాక ఇందుమతి చాలాసేపు ఆ కుర్చీ వైపు చూసింది. రెండు ముక్కలే. బోరింగు ఉంటుంది, కుర్చీ వస్తుంది. ఎవరికీ నష్టం లేదు. ఇంత లాభసాటి అబద్ధాలు ఆవిడ ఇంతకుముందు ఎంతమంది కోసమో రాసిపెట్టింది కూడా. తన కోసం రాయబోతే చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళలో లోకంలో తన పేరు మీద జరిగింది ఆ ఒక్క పనే. దాన్ని కూడా వానకి రాసిచ్చేయడం ఆవిడ వల్ల కాలేదు.

సంజాయిషీ ఇలా రాసింది. "నీరు వచ్చిన మాట నిజము. నా సంతకము వలననే వచ్చినది." కింద పేరు పూర్తిగా రాసింది.

మర్నాడే ఇన్‌ఛార్జి హోదా రద్దయింది. జిల్లేళ్ళవలస బోరింగును సంతకానికి పూర్వపు స్థితికి తీసుకురావలసిందిగా ఆజ్ఞాపిస్తూ సన్యాసిరావుని పంపారు. ఇందుమతి ఆ పూట అన్నం ముట్టలేదు. తన పట్టుదల వల్ల ఆ పిల్లలు మళ్ళీ గెడ్డ నీళ్ళు తాగుతారన్న ఆలోచన ఆవిణ్ణి నిలవనివ్వలేదు. తప్పు రాశానా అనుకుంది. మధ్యాహ్నం దాటాక ఇక ఉండబట్టలేక సన్యాసిరావుకి ఫోన్ చేసింది.

"ఏమయింది? రాడ్లు తీసేశారా?"

"నేదు మేడమ్ గారూ. ఆడోల్లు లైన్లో ఉన్నారు. నానొచ్చి ఆర్డరు సూపించినాను. సదువుకున్నోడివి, బిందె సగముండగా పీకుతావేటి, ఇది నిండినాక తీసుకో అన్నాది తవిటమ్మ. నాయమే కదా అని ఊరుకున్నాను. అది నిండింది. ఎనకాల ఇంకోటి ఉంది."

"దాని తర్వాత?"

"దాని తర్వాత పక్కూరోల్లు కూడా వొచ్చినారు. లైను బడి కాడికెల్లిపోనాది. ముందు నిండిన బిందె ఇంటికాడ దించీసి మల్లా ఎనకాల నిలబడతన్నారు."

"మరి మీరేం చేస్తున్నారు?"

సన్యాసిరావు రొప్పుతున్న చప్పుడు వినిపించింది, వెనక నీళ్ళు పడుతున్న చప్పుడు కూడా.

"బోరింగు కొడతన్నాను మేడమ్. ముసిల్ది కొట్నేదు కదా."

ఇందుమతి ఫోన్ పెట్టేసి, కాగితం ముందుకు లాక్కుంది. ఇటువంటివాటికి ఏ భాష వాడాలో ఆవిడకి కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. "జిల్లేళ్ళవలస చేతిపంపు తొలగింపు పని క్షేత్రస్థాయిలో ముమ్మరముగా పురోగతిలో ఉన్నది. ప్రస్తుతము సిబ్బంది పంపు వద్దనే ఉండి నిర్విరామముగా శ్రమించుచున్నారు. ప్రజల సహకారము పూర్తిగా ఉన్నది."

నోటు మండపానికి వెళ్ళింది. పెళ్ళి వేదిక మీద నుంచి పరాంకుశం గారి ఎర్ర సిరా సంతకంతో సాయంత్రానికే తిరిగొచ్చింది. "పురోగతి సంతృప్తికరము. తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు పని ఇదే విధముగా కొనసాగించవలెను."